కాలానికి తగ్గ తిండి పండుగలు, వైన్ ఉత్సవాలు: హైదరాబాదు నుంచి ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలి?

మలక్‌పేట వాసి | 18 నవంబరు 2025, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు గత నెలలో ఉద్యోగ విరమణ చేశారు. వచ్చే ఏడాది పొడుగునా, కనీసం రెండు నెలలకొకసారి, ఆయా కాలాల్లో జరిగే తిండి పండుగలకు ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లి రావాలని అనుకున్నాం. నాన్నగారు అన్నీ తింటారు, అప్పుడప్పుడు ఒక గ్లాసు వైన్ పుచ్చుకుంటారు. అమ్మ శాకాహారి, మద్యం వాసన కూడా ఆమెకు పడదు.

ఇక్కడ అడగడానికి కారణం ఉంది. గత ఆగస్టులో నగరంలోని ఒక పెద్ద హోటలువారు తమ పచ్చిక బయలులో ద్రాక్ష కోతల పండుగ జరుపుతున్నామని ప్రకటిస్తే, తలకు 1,800 రూపాయలు పెట్టి ముగ్గురం వెళ్లాం. అక్కడ పందిరికి చుట్టిన ప్లాస్టిక్ తీగలు తప్ప ఒక్క ద్రాక్ష గుత్తి కూడా మాకు కనిపించలేదు. దుకాణాల్లో పెట్టినవి ఏ మాల్‌లోనైనా దొరికే పిజ్జాలు, మోమోలు. వైన్ పోస్తున్న కుర్రవాణ్ణి ఇది ఏ ఊరి ద్రాక్ష అని నాన్నగారు అడిగితే అతను సీసా తిప్పి చూసి చదివాడు. అంతలో వాన మొదలైంది. మాకు తోడుగా ఉండాలని మాత్రమే వచ్చిన అమ్మ మూడు గంటల పాటు ఒక కుర్చీలో కూర్చొని, ఒక గ్లాసు చెరకురసం తాగి ఇంటికి వచ్చింది. పోయిన డబ్బు కన్నా అది నన్ను ఎక్కువ బాధించింది.

ఏ పండుగ నిజంగా ఆ కాలానికి చెందినదో, ఏది పేరుకు మాత్రమే జరుగుతున్నదో ముందుగా ఎలా తెలుసుకోవాలి? అమ్మను వెంటబెట్టుకొని, వైన్ తోటలకు పేరున్న నాసిక్ దాకా వెళ్లడం సబబేనా?

ద్రాక్షపందిరి | 18 నవంబరు, రాత్రి 11:05

ఉద్యానశాఖలో చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఆగస్టు అన్న మాట వినగానే మీరు అనుమానించవలసింది.

చలిదేశాల్లో ద్రాక్షతీగ ఆకు రాల్చి చలికాలమంతా నిద్రపోతుంది, వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోతకు వస్తుంది. మన దక్కను పీఠభూమి మీద తీగకు ఆ నిద్ర లేదు. అందువల్ల మన రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో చేసే కత్తిరింపు కొమ్మలు బలపడడానికి, సెప్టెంబరు చివర, అక్టోబరులో చేసేది కాపు కోసం. ఆ రెండో కత్తిరింపు తర్వాత పూత వచ్చి, చలి రాత్రుల్లో కాయ నెమ్మదిగా ఊరి, జనవరి నుంచి మార్చి దాకా పండుతుంది. వానాకాలంలో పండు తీగమీద ఉంటే కాయ పగులుతుంది, బూజు తెగులు పడుతుంది. ఆ బాధ తప్పించడానికే ఈ ఏర్పాటు. ఐరోపాలో కోతల పండుగ జరిగే నెలల్లో మన తోటల్లో కత్తెరలు ఆడుతుంటాయన్న మాట గుర్తుంచుకుంటే చాలు, ప్రకటనలు మిమ్మల్ని మోసం చేయలేవు.

నాసిక్‌లో సులా తోటవారు 2008లో మొదలుపెట్టిన సులాఫెస్ట్ ఫిబ్రవరిలో జరగడానికి కారణం ఇదే. కోవిడ్ తర్వాత కొన్నేళ్లు ఆగి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ జరిగింది. అయితే అది ప్రధానంగా సంగీతోత్సవం అని, పెద్దవారికి ఆ రద్దీ కష్టమని నా అభిప్రాయం.

మాట వచ్చింది కనుక చెబుతున్నాను. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్లు విరివిగా ఉండేవి. ఆ గుత్తి పెద్దది, గింజ ఉన్న కాయ, తేనెరంగుకు తిరిగేది. అది తినే ద్రాక్ష, వైన్‌కు పనికివచ్చేది కాదు. వైన్ ద్రాక్షను కోసేనాటికి రసంలో తీపి 22 బ్రిక్స్‌కు (రసంలో చక్కెర శాతాన్ని చెప్పే కొలత) అటూ ఇటూ ఉండాలి. భూముల ధరలు పెరిగి ఆ పందిళ్లు ఇళ్ల స్థలాలైపోయాయి. మేడ్చల్ దారిలో వెళ్లినప్పుడల్లా నాకు ఆ రాతి స్తంభాల వరుసలే కళ్లముందు కదులుతాయి.

రైలుబండి | 19 నవంబరు, ఉదయం 7:20

రెండో ప్రశ్నకు నా అనుభవం చెబుతాను. నేను కూడా మా అమ్మగారితో కలిసి ఫిబ్రవరి మొదటి వారంలో నాసిక్ వెళ్లాను. దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాదు, నాందేడ్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్ చేరుస్తుంది. ఆ స్టేషను ఊరికి దూరంగా ఉంటుంది కనుక, బండి చేరే వేళ చూసుకొని ముందుగానే వాహనం మాట్లాడుకోవాలి. శని, ఆదివారాల్లో ముంబయి, పుణె నుంచి వచ్చే జనంతో తోటలు నిండిపోతాయి. కాబట్టి మంగళ, బుధవారాల్లో వెళ్లండి.

తోట చూపించే మనిషి తొట్లు, ఓక్ చెక్క పీపాలు అన్నీ తిప్పి చూపిస్తూ, ద్రాక్షను తెల్లవారకముందే ఎందుకు కోస్తారో వివరించాడు. ఎండకు వేడెక్కిన కాయను గంపలో పోస్తే, తొట్టికి చేరేలోపే తనంతట తాను పులియడం మొదలవుతుందట. రుచి చూడడానికి ఐదారు రకాలు కొంచెం కొంచెం పోస్తారు. అన్నీ మింగవలసిన పని లేదు. నోట్లో తిప్పి ఉమ్మివేయడానికి పాత్ర పెడతారు, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లవద్దు.

మీ అమ్మగారి విషయానికి వస్తే, పంచవటి అక్కడే ఉంది, త్ర్యంబకేశ్వరం దగ్గరలోనే ఉంది. మా అమ్మగారు ఉదయం గోదావరి స్నానం, త్ర్యంబకేశ్వర దర్శనం చేసుకొని, సాయంత్రం మాతో తోటకు వచ్చి, గట్టుమీద నడిచి, కోసిన ద్రాక్ష తిని సంతోషపడ్డారు. వంట రుచి చూడాలంటే ఊళ్లో మిసళ్ (మొలకెత్తిన గింజల కూర) తినండి, కారం ఎక్కువే. ఒక హెచ్చరిక: అక్కడ కొన్న సీసాలను సంచిలో వేసుకొని తెలంగాణకు తేవద్దు. ఇక్కడ పన్ను కట్టని సీసాలను అబ్కారీవారు పట్టుకుంటారు.

తాటివనం | 20 నవంబరు, రాత్రి 8:15

వైన్ కోసం నాసిక్ దాకా తప్పక వెళ్లండి. అయితే కాలానికి అంతకన్నా గట్టిగా కట్టుబడిన పానీయం మీ ఇంటికి గంటన్నర ప్రయాణంలోనే ఉంది. మాది గీత వృత్తి కుటుంబం. మా నాయన అరవై ఏళ్లు దాటేవరకు చెట్టెక్కాడు.

మా ఇంట్లో క్యాలెండరు చెట్టు మీదే ఉండేది. చలికాలంలో ఈతకల్లు, మాఘమాసం నుంచి తాటికల్లు, ఎండలు ముదిరాక ముంజలు, వానాకాలం చివర తాటిపండు, ఆ పండు తిని పాతిన టెంకల నుంచి చలికాలానికి గేగులు. కోస్తావారు వాటినే తేగలంటారు. ఒక్క చెట్టు ఏడాది పొడుగునా ఇన్ని రుచులు ఇస్తుంటే, పండుగ కోసం వేరే చోట వెతకవలసిన అవసరం మాకు ఎన్నడూ రాలేదు.

కల్లు సంగతి వివరంగా చెప్పనివ్వండి. సాయంత్రం గెల కొనను పలుచగా చెక్కి లొట్టి అనే కుండ కడతారు. లోపల సున్నం పూసిన లొట్టి అయితే తెల్లవారుజామున దింపినప్పుడు తియ్యని నీరా దొరుకుతుంది, అందులో మత్తు ఉండదు. సున్నం లేని లొట్టిలో చెట్టు మీదే పులుపు మొదలవుతుంది. పొద్దున్నే దింపినది ఇంకా తీపిగానే ఉంటుంది, ఎండెక్కేసరికి నురగ కడుతుంది, సాయంత్రానికి పులుపు ఎక్కి మత్తు పెరుగుతుంది, మర్నాటికి అది వెనిగర్ దారి పట్టినట్లే. వైన్‌ను ఏళ్ల తరబడి నేలమాళిగలో దాచవచ్చు. దీన్ని మాత్రం ఆ చెట్టు కింద, ఆ పూటే తాగాలి. తాటాకును మడిచిన రేకలో పోస్తే ఆకు వాసన కూడా కలుస్తుంది. తోడుగా ఉడికించిన గుడ్లు, శనగ గుగ్గిళ్లు, ఇష్టమైనవారికి బోటికూర.

మీ అమ్మగారికి నీరా తాగించండి. నగరంలోనే కావాలంటే 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం తెరిపించిన నీరా కేఫ్ ఉంది, చల్లగా నిల్వచేసి పోస్తారు. అయినా ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున భువనగిరి వైపు తెలిసినవారి వనానికి వెళ్లి, మనిషి మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కడం కళ్లారా చూసి తాగే నీరా వేరు. ఫోన్లు పట్టుకొని చెట్టు కింద కేకలు వేయవద్దని మాత్రం మనవి. పైన ఉన్నవాడి చూపు చెదిరితే ప్రాణం పోతుంది. మా ఊళ్లో అలా పడిపోయినవారిని నేను చూశాను.

రైన్ తీరం | 21 నవంబరు, తెల్లవారుజామున 2:30

తాటివనం గారి మాటలు చదివి నాకు జర్మనీ గుర్తుకొచ్చింది. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఇక్కడి వైన్ పండుగల్లో పాత సీసాల కన్నా నన్ను కట్టిపడేసింది ఫెడర్‌వైసర్ అనే అరపులుపు వైన్. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొద్ది వారాలే దొరుకుతుంది. ద్రాక్షరసం ఇంకా పులుస్తూ ఉండగానే అమ్ముతారు. తెల్లగా, మడ్డిగా, నురగతో ఉంటుంది. ఈ రోజు తీపి, మూడు రోజుల తర్వాత ఘాటు. సీసాకు మూత బిగించరు, బిగిస్తే పగులుతుంది. మొదటి ఏడాది ఆ సంగతి తెలియక సీసాను సంచిలో పడుకోబెట్టి రైలెక్కాను, బట్టలన్నీ తడిసిపోయాయి. దానితోపాటు ఉల్లిపాయలు దట్టంగా పరచి కాల్చిన రొట్టెలాంటి వంటకం తింటారు. పొద్దుటి కల్లు తాగి పెరిగినవారికి ఆ గ్లాసులో కొత్తదనం ఏమీ ఉండదు.

బాడ్ డ్యుర్క్‌హైమ్ అనే చిన్న ఊరిలో సెప్టెంబరు రెండో, మూడో వారాంతాల్లో వుర్స్ట్‌మార్క్ట్ జరుగుతుంది. పేరుకు సాసేజీల సంత అయినా ప్రపంచంలోకెల్లా పెద్ద వైన్ పండుగగా దానికి పేరు. అరలీటరు గ్లాసు ఒకటి తెచ్చుకొని బల్ల చుట్టూ కూర్చున్నవారందరూ, పరిచయం లేనివారు కూడా, ఒకరి తర్వాత ఒకరు దానిలోనే తాగుతారు. ఎంగిలి అనే భావనతో పెరిగిన నాకు మొదట చేయి రాలేదు. పక్కన కూర్చున్న ముసలాయన గ్లాసు నా ముందుకు జరిపి ఎదురుచూస్తుంటే కాదనలేకపోయాను. ఇక్కడికి ఎప్పుడైనా వచ్చే సభ్యులు వారాంతం వదిలి, సోమవారం మధ్యాహ్నం వెళ్లండి.

నల్లకుంట వైద్యుడు | 21 నవంబరు, ఉదయం 10:50

కల్లు గురించి చదివేవారికి ఒక మాట చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం చేసినవాణ్ణవుతాను. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. నగరంలో చెట్లు లేవు, గిరాకీ మాత్రం ఉంది. ఆ తేడాను కొందరు నీళ్లతో, అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులతో పూడుస్తారు. చెట్లు తక్కువగా పారే వానాకాలంలో కూడా అంతే సమృద్ధిగా దొరికే కల్లు ఎక్కడి నుంచి వస్తున్నదో ఆలోచించండి. ఏ కాలంలో ఏది దొరుకుతుందో తెలిసి ఉండడం ఇక్కడ ప్రాణరక్షణ కూడా. చెట్టు కింద, దింపినవారి చేతి మీదుగా తప్ప తాగవద్దు.

నీరాలో మత్తు లేదన్న మాట నిజమే కానీ చక్కెర బాగా ఉంటుంది. మధుమేహం ఉన్నవారు ఒక చిన్న గ్లాసుతో ఆపాలి.

బర్కాస్ బాట | 22 నవంబరు, సాయంత్రం 6:00

హైదరాబాదు తిండి పండుగల గురించి ఇంత చర్చ జరిగినా హలీం పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మాంసపు వంటకాల్లో మన దేశంలో మొదటిసారి భౌగోళిక గుర్తింపు పొందినది హైదరాబాదీ హలీమే, 2010లో. రంజాన్ నెలలో గోధుమ, మాంసం, పప్పు, నెయ్యి ఇటుక, మట్టి బట్టీ మీద గంటల తరబడి ఉడుకుతుంటే, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పొడవాటి చెక్క రోకళ్లతో కొట్టి, పోగు పోగు కలిసిపోయేదాకా నూరుతారు. దీని మూలం అరబ్బుల హరీస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవారు దాన్ని తెచ్చారు, వారి సంతతి నివసించే మా బర్కాస్‌లో ఈనాటికీ తీపి, ఉప్పు హరీస్‌లు రెండూ దొరుకుతాయి. నాన్నగారిని ఇఫ్తార్ తర్వాత కాక, వీలైతే వారం మధ్యలో ఇఫ్తార్‌కు గంట ముందు బట్టీ దగ్గరికి తీసుకువెళ్లి, నూరడం చూపించండి. ఉపవాసం ఉన్నవారి ఎదుట మాత్రం తినకండి, పొట్లం కట్టించుకోండి.

ద్రాక్షపందిరి | 22 నవంబరు, రాత్రి 9:30

హలీం గొప్పదనాన్ని కాదనను. అయినా దాన్ని ఋతువుకు చెందిన తిండి అనడం సరికాదని నా అభిప్రాయం. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు తక్కువ కనుక రంజాన్ ఏటా వెనక్కి జరుగుతుంది. 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదలైంది. మరికొన్నేళ్లకు సంక్రాంతి చలిలో వస్తుంది. గోధుమలు, మాంసం ఎప్పుడైనా దొరుకుతాయి. చెట్టుకూ చేనుకూ సంబంధం లేనిది ఋతువు ఎలా అవుతుంది?

బర్కాస్ బాట | 23 నవంబరు, ఉదయం 8:10

పంట నేల నుంచి వచ్చినట్లే ఆకలి ఉపవాసం నుంచి వస్తుంది. పొద్దంతా నీళ్లయినా ముట్టని మనిషికి సాయంత్రం ఒక గిన్నెలో బలం కావాలి, ఆ అవసరం పదకొండు నెలల పాటు ఉండదు. బట్టీలు కట్టేది, రోకళ్లు తీసేది, వంటవారు ఊళ్ల నుంచి వచ్చేది ఆ ఒక్క నెలకే. ఇప్పుడు ఏడాది పొడుగునా కొన్నిచోట్ల అమ్ముతున్నారు, నిజమే. మా నాన్న మాత్రం రంజాన్ కాని రోజుల్లో దాన్ని ముట్టరు.

ద్రాక్షపందిరి | 23 నవంబరు, ఉదయం 9:00

ఈ కోణంలో నేను ఆలోచించలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

జొన్నచేను | 24 నవంబరు, మధ్యాహ్నం 1:15

మలక్‌పేట వాసి గారూ, శాకాహారి అయిన మీ అమ్మగారి కోసం జనవరిని పూర్తిగా కేటాయించండి. సంక్రాంతికి సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో పతంగుల పండుగతోపాటు మిఠాయిల పండుగ జరుగుతుంది. నగరంలో స్థిరపడిన వేర్వేరు రాష్ట్రాలవారు ఇంటి వంటలు చేసి తెస్తారు. 1938లో మొదలైన నుమాయిష్ అనే వస్తు ప్రదర్శన జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో ఉండనే ఉంటుంది. ఇవి అందరికీ తెలిసినవే.

కొందరికే తెలిసినది జహీరాబాదు ప్రాంతపు పాత పంటల జాతర. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు రెండు దశాబ్దాలకు పైగా దీన్ని జరుపుతున్నారు. సంక్రాంతినాడు బయలుదేరిన ఎడ్లబండ్లు పాత విత్తనాలను మోసుకుంటూ ఊరూరా తిరిగి ఫిబ్రవరిలో ముగిస్తాయి. జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, అనుములు, నువ్వులు, పేర్లు తెలియని కందులు ఎన్నో గంపల్లో కనబడతాయి. జనవరిలోనే యాసంగి జొన్న పాలు పోసుకొని ఉంటుంది. ఎవరైనా రైతు అనుమతిస్తే లేతకంకిని నిప్పుల మీద కాల్చి, అరచేతుల మధ్య నలిపి, ఊదుకొని ఊచబియ్యం తినండి. పది రోజులు దాటితే గింజ గట్టిపడి ఆ రుచి పోతుంది. అక్కడ టికెట్లు, దుకాణాలు, స్వాగత తోరణాలు ఉండవు. వారు తమ విత్తనం కోసం చేసుకుంటున్న జాతర అది. మనం అతిథులుగా వెళ్లి, పెట్టినది తిని, కొనగలిగితే ధాన్యం కొనుక్కొని రావాలి.

మలక్‌పేట వాసి | 16 ఫిబ్రవరి 2026, రాత్రి 10:20

ఆలస్యంగా రాస్తున్నందుకు సభ్యులు మన్నించాలి. మీ సలహాల ప్రకారం జనవరి చివరి వారంలో జహీరాబాదు వైపు వెళ్లాం. బండి వెనుక నడుస్తున్న ఒక పెద్దావిడ మా అమ్మ చేతిలో గుప్పెడు అనుములు పోసి, వీటిని ఏమంటారో చెప్పమని అడిగింది. అమ్మ పేరు చెప్పడమే కాక, వాటితో తన అమ్మమ్మ వండే గుగ్గిళ్ల సంగతి కూడా చెప్పింది. ఇద్దరూ ఎడ్లబండి చక్రం పక్కన కూర్చొని గంటసేపు మాట్లాడుకున్నారు, నాన్నగారూ నేనూ ఎండలో నిలబడి ఊచబియ్యం తిన్నాం. ఆగస్టులో కుర్చీలో చూసిన మనిషి ఈమేనా అనిపించింది.

తాటివనం గారు చెప్పిన వనానికి పోయిన ఆదివారం తెల్లవారకముందే వెళ్లాం. అమ్మ నీరా ఒక రేకెడు తాగి, మరో రేకెడు అడిగింది. రేక మడవడం నేర్చుకొని ఇంట్లో కొబ్బరినీళ్లు కూడా దానిలోనే పోస్తున్నది. నాన్నగారు పొద్దుకల్లు పుచ్చుకున్నారు. వైద్యుడి గారి హెచ్చరిక గుర్తుంచుకొని, దింపుతుండగా చూసి, ఆ లొట్టి నుంచే పోయించుకున్నాం.

మార్చి మొదటి వారానికి దేవగిరిలో బెర్తులు దొరికాయి. ద్రాక్షపందిరి గారూ, అప్పటికి కోతలు మిగిలి ఉంటాయా, లేక మళ్లీ ఉత్త తీగలు చూసి రావలసి వస్తుందా?

ద్రాక్షపందిరి | 17 ఫిబ్రవరి, ఉదయం 6:45

తెల్ల వైన్‌కు వాడే రకాలు ముందుగా కోస్తారు, అవి చాలావరకు అయిపోయి ఉండవచ్చు. షిరాజ్, కాబెర్నే వంటి నల్ల ద్రాక్ష ఆలస్యంగా పండుతుంది కనుక మార్చి మొదటి వారంలో గుత్తులు తీగమీద ఉండే అవకాశం బాగా ఉంది. బయలుదేరే ముందు రెండు మూడు తోటలకు ఫోను చేసి, ఏ రోజు ఏ మడి కోస్తున్నారో అడగండి. కోత ఉన్న రోజున తెల్లవారుజామున రానిస్తారేమో కూడా అడగండి; అమ్మగారికి శాలువా తప్పనిసరి, ఆ వేళకు అక్కడ చలి ఉంటుంది.